అప్పు డబ్బులోంచి తీసిన దశమ భాగం: కోత కూలికి వాడుకోవచ్చా?

కౌలుబిడ్డ | 16 ఫిబ్రవరి 2025, రాత్రి 10:42

అందరికీ వందనాలు. రెండేళ్లుగా ఇక్కడ చదువుతూనే ఉన్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు. ఊరి పేరు, సంఘం పేరు అడగకండి. పల్నాడు అనుకోండి, చాలు.

మా నాన్న రెండెకరాలు కౌలుకి తీసుకుని మిర్చి వేశాడు. ఆగస్టులో నారు పెట్టేముందు గుంటూరులో కమిషన్ షాపు దగ్గర 3 లక్షలు తెచ్చాడు, నూటికి రెండు రూపాయల వడ్డీ. తెచ్చిన రోజు రాత్రే అందులోంచి దశమ భాగం, అంటే దేవుడికిచ్చే పదో వంతు, 30 వేలు లెక్కపెట్టి తెల్ల కవర్లో పెట్టాడు. దానిమీద పెన్నుతో "ప్రభువు భాగము" అని రాసి బైబిల్లో దశమ భాగం మాట ఉన్న మలాకీ గ్రంథం దగ్గర ఉంచాడు. మొదటి కోత అయ్యాక సంఘంలో సాక్ష్యం చెప్పి ఇస్తానని మొక్కుకున్నాడు.

ఇప్పుడు కోత మీద పడింది. నిరుడు క్వింటా 20 వేల దాకా పలికిన తేజ రకం కాయ ఈసారి 11, 12 వేల దగ్గర ఊగుతోంది. కూలి మనిషికి 350, ఆటో కిరాయి వేరే. ఇంట్లో చిల్లిగవ్వ లేదు. పండిన కాయ చెట్టు మీదే ఉంటే రంగు పోయి తాలు అయిపోతుంది. అమ్మేమో "ఆ కవర్లో డబ్బు తీసి కూలోళ్లని పిలుద్దాం, కాయ అమ్మాక మళ్లీ పెడదాం" అంటుంది. నాన్న "దేవుడి సొమ్ము ముట్టుకుంటే ఉన్నది కూడా పోద్ది, ఆయనే చూసుకుంటాడు" అంటాడు. మూడు రోజుల నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఈరోజు గుడిలో కూడా అమ్మ ఆ చివర, నాన్న ఈ చివర కూర్చున్నారట.

నేను హైదరాబాద్‌లో మందుల షాపులో పనిచేస్తాను. నా దగ్గరున్న 6 వేలు పంపేశాను. ఇద్దరూ నాకే ఫోన్ చేసి "నువ్వు చెప్పు" అంటున్నారు. ఏం చెప్పాలో నాకు తెలీడం లేదు. నమ్మడమంటే ఆ కవరు ముట్టకుండా ఉండడమేనా?

విజయధ్వని | 16 ఫిబ్రవరి, రాత్రి 10:58

ప్రైజ్ ద లార్డ్ సిస్టర్. మీ అమ్మగారికి ప్రేమతో చెప్పండి, ఆ కవరు తియ్యొద్దని. మలాకీ 3:10లో "దీనిచేత మీరు నన్ను శోధించినయెడల" అని దేవుడే అన్నాడు. నన్ను పరీక్షించి చూడు అని ఆయన అన్న చోటు బైబిల్ మొత్తంలో అదొక్కటే. 2019లో నేను ఆటో ఫైనాన్స్‌కి కట్టాల్సిన డబ్బు తీసుకెళ్లి కానుక వేశాను. నెల తిరక్కుండా స్కూలు పిల్లల ట్రిప్పు దొరికింది. ఆమేన్.

అనుమానపు తోమా | 16 ఫిబ్రవరి, రాత్రి 11:05

అన్నా, ఒక్క డౌటు. ఆ నెల ఫైనాన్స్ కిస్తీ ఎవరు కట్టారు?

విజయధ్వని | 16 ఫిబ్రవరి, రాత్రి 11:09

మా బావమరిది.

అనుమానపు తోమా | 16 ఫిబ్రవరి, రాత్రి 11:21

అదీ సంగతి. బావమరిది గురించి సాక్ష్యంలో చెప్పావా అన్నా?

సరే, ఎగతాళి కాదు. "ఆయన చూసుకుంటాడు" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మా ఇల్లు కూడా ఇరవై ఏళ్లు ఆ మాట మీదే నడిచింది. మా నాన్న రోజూ ఆ మాట అనేవాడు. చూసుకున్నది మాత్రం మా అమ్మ, కుట్టు మిషను మీద. రాత్రి పన్నెండింటికి ఆ చప్పుడు ఆగితేనే మాకు నిద్ర పట్టేది. నమ్మకం గొప్పదే కావచ్చు. అది ఒకళ్ల నోట్లో ఉండి, బరువు ఇంకొకళ్ల నడుం మీద ఉంటే మాత్రం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

చెల్లీ, మీ అమ్మ లెక్క సరైనదని నా ఓటు.

యార్డు గుమాస్తా | 17 ఫిబ్రవరి, ఉదయం 6:15

నేను మీ మతం కాదు. మా ఆవిడ చదువుతుంటే పక్కనుంచి చూసి రాస్తున్నాను. మిర్చి యార్డులో పద్దెనిమిదేళ్ల నుంచి పద్దులు రాస్తున్నాను కాబట్టి నాకు తెలిసినంత చెబుతా.

అమ్మా, అప్పిచ్చిన షాపు వాళ్లనే కోత ఖర్చుకి అడగమను. కాయ వాళ్ల దగ్గరికే రావాలి కదా, చెట్టు మీద తాలైపోతే వాళ్లకీ నష్టమే. చాలామంది ఇస్తారు. మీ నాన్న మొహమాటపడి అడిగి ఉండడు. ఎర్రకాయ, తాలుకాయ కల్లం మీదే వేరు చెయ్యాలి. కలిపి తెస్తే మొత్తానికి తాలు రేటు కడతారు. బరువు కోసం నీళ్లు చల్లే అలవాటుంటే ఈ ఏడు అస్సలు వద్దు, కొనేవాడు చెయ్యిపెట్టి చూసి పక్కకెళ్లిపోతున్నాడు. ఇంకొకటి, కౌలు కార్డు ఉందా? ఈ-క్రాప్‌లో, అదే ప్రభుత్వం పంటలు నమోదు చేసే చోట, పంట ఎవరి పేరున ఎక్కింది? రేపు ప్రభుత్వం ధర విషయంలో ఏదన్నా ఇస్తే అది పేరున్నవాడికే వస్తుంది. రైతు సేవా కేంద్రానికి వెళ్లి చూసుకోమను.

దేవుడి సంగతి మీరూ మీరూ తేల్చుకోండి.

వార్డు నర్సు | 17 ఫిబ్రవరి, ఉదయం 7:50

కౌలుబిడ్డా, నైట్ డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. కవరు సంగతి తర్వాత. ముందు నాలుగు మాటలు అడుగుతాను, ఏమీ అనుకోకు.

నాన్న అన్నం సరిగా తింటున్నాడా? రాత్రిళ్లు నిద్రపోతున్నాడా? ఈమధ్య "నేను లేకపోయినా మీరు బతుకుతారు" లాంటి మాటలేమన్నా అన్నాడా? పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఎక్కడ పెట్టారు?

ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే మా వార్డుకి ఎలాంటి కేసులొస్తాయో నాకు తెలుసు. వాళ్లలో ప్రార్థన చేసుకునేవాళ్లు కూడా ఉంటారు. పోయినేడు ఒకాయన చొక్కా జేబులో కొత్త నిబంధన చిన్న పుస్తకం ఉంది, తడిసిపోయి. బతికాడు. అందుకే అడుగుతున్నా.

ఫోన్ చేసి నేరుగా అడుగు, "నాన్నా, చచ్చిపోవాలని అనిపిస్తోందా" అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకు, అలా పుట్టదు. అడిగితే ఊపిరి తీసుకుంటారు. ఈలోపు మందు డబ్బాలు ఆ ఇంట్లోంచి తీయించు. ఎంత రాత్రైనా మాట్లాడాలనిపిస్తే 14416, టెలీ మానస్, ప్రభుత్వానిదే, తెలుగులోనే మాట్లాడతారు. నీకూ పనికొస్తుంది.

మెదక్ కోడలు | 17 ఫిబ్రవరి, ఉదయం 9:30

అక్కా (నర్సు అక్కకి), మీరు రాసింది చదివి నేనే మా ఇంటికి ఫోన్ చేశాను. మాది పత్తి. కౌలుబిడ్డా, మీ నాన్న కోసం ప్రార్థన చేస్తున్నాను. ఇంతకన్నా రాయడం చేతకాదు.

కౌలుబిడ్డ | 17 ఫిబ్రవరి, మధ్యాహ్నం 2:12

నర్సు అక్కా, మీ మాట చదివాక చేతులు వణికాయి. డబ్బాలు నాన్న మంచం కిందే ఉన్నాయంట. అమ్మకి చెప్పాను. గోనెసంచిలో కట్టి మా పిన్ని వాళ్ల ఇంటికి పంపేసింది. నాన్నకి చెప్పే పంపింది. ఆయన ఏమీ అనలేదంట, సంచి మూతి తనే కట్టాడంట.

తర్వాత నాన్నకి చేశాను. షాపు వెనక స్టోరు రూములో మందుల అట్టపెట్టెల మధ్య నిలబడి అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. ఫోన్ కట్టయిందనుకున్నా. తర్వాత "అట్టాంటి పని చెయ్యనమ్మా. కానీ ఆదివారం నుంచి కన్ను మూతపడట్లా" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. "ఈ ఊళ్లో అందరికీ బాకీనే. ఆయన ఒక్కడికే బాకీ లేకుండా ఉన్నా. ఆ కవరు కూడా తీస్తే ఇంక ఎవరి మొహం చూడాలి?"

నేనేం చెప్పలేకపోయాను. ఏడుపొచ్చింది.

విజయధ్వని | 17 ఫిబ్రవరి, సాయంత్రం 6:40

సిస్టర్, నిన్న నేను తొందరపడి రాశాను, క్షమించండి. కానీ మీ నాన్నగారు అన్న మాట దగ్గర ఆగిపోయా. దాన్ని నేను అర్థం చేసుకోగలను.

మా అమ్మ కూలికెళ్లేది. పూటపూటా ఎసట్లో బియ్యం వేసేముందు పిడికెడు తీసి వేరే డబ్బాలో పోసేది, అది ఆదివారం గుడికి. మాకు గంజి పల్చబడ్డ రోజు కూడా ఆ పిడికెడు తీసేది. నాకు కోపమొచ్చేది. ఒకరోజు అడిగితే "వారమంతా అందరి దగ్గరా చెయ్యి చాపుతాను రా. ఆ ఒక్కరోజు ఇచ్చేదాన్ని అవుతా" అంది. తోమా అన్న నన్ను ఎన్నైనా అనొచ్చు. పేదోడికి తీసుకునే హక్కే కానీ ఇచ్చే హక్కు లేదని మాత్రం అనకండి. రెండు కాసులు వేసిన విధవరాలిని యేసయ్య ఆపలేదు కదా.

అనుమానపు తోమా | 17 ఫిబ్రవరి, సాయంత్రం 7:02

ఇది ఒప్పుకుంటా. నిన్నే ఈ మాట చెప్పి ఉంటే గొడవే లేదు.

అయినా ఒక తేడా ఉంది అన్నా. మీ అమ్మ తీసిన పిడికెడు ఆమె కూలి డబ్బుతో కొన్న బియ్యం. ఇక్కడ కవర్లో ఉన్నది షాపు వాడి డబ్బు. దానికి ఆగస్టు నుంచి నెలకి 600 వడ్డీ నడుస్తోంది. ఆరు నెలలకి 3,600. బైబిల్లో కూర్చున్న డబ్బుకి వడ్డీ!

గుండ్లకమ్మ మాస్టారు | 17 ఫిబ్రవరి, రాత్రి 9:15

అమ్మాయ్, నేను రిటైరైన బడిపంతుల్ని, ఒంగోలు పక్క. నాకు తెలిసిన పాత కథ ఒకటి చెప్తాను. కొంచెం పొడుగు, ఓపిక పట్టు.

1876 నుంచి 78 దాకా మన వైపు పెద్ద కరువు. ఒంగోల్లో అప్పుడు క్లౌ దొర అని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉండేవాడు. చిన్నప్పుడు భూమి సర్వే పని నేర్చినవాడు. జనం ఆకలితో బంగళా చుట్టూ చేరితే ఆయన ప్రార్థన చేసి పంపెయ్యలేదు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ల పైచిలుకు పని కాంట్రాక్టు తీసుకున్నాడు. ఎండిపోయిన చేతులకి పార ఇచ్చి, రోజు కూలి ఇచ్చాడు. సంఘంలో బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. మధ్యాహ్నం పని ఆపినప్పుడు వాళ్లు చెట్టుకింద కూర్చుని చెప్పిన వాక్యం మత్తయి 11:28, "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి". మట్టి తట్ట నెత్తిమీంచి అప్పుడే దించినవాడికి ఆ మాట ఎలా వినపడి ఉంటుందో ఆలోచించు. మా ముత్తాతల్లో ఒకాయన ఆ కాలువ తవ్వాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. భుజమ్మీద కాయ కాసిన మచ్చ చచ్చేదాకా ఉందట.

అసలు సంగతి ఇక్కడుంది. వేలమంది బాప్తిస్మం ఇమ్మని వచ్చారు. ఆయన పదిహేను నెలలు ఇవ్వలేదు. కూలి కోసం దేవుణ్ని ఒప్పుకున్నారనే మాట రాకూడదని, అన్నం పెట్టే పనీ విశ్వాసం సంగతీ కలిపెయ్యకూడదనీ. కరువు పని అయిపోయాక, ఇంక ఆయన దగ్గర ఇవ్వడానికి ఏమీ లేనప్పుడు కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా ఊళ్లలో ఈ అంకె చిన్నపిల్లాడికి కూడా వచ్చు. దానిముందు పదిహేను నెలల సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. నాకు ఆ పదిహేను నెలలే పెద్దవి అనిపిస్తాయి.

మీ నాన్న దగ్గర ఆ రెండూ కలిసిపోయాయేమో చూడమ్మా. "ముట్టుకుంటే ఉన్నది కూడా పోద్ది" అన్నాడన్నావు. అది భయం. "ఆయనకొక్కడికే బాకీ లేకుండా ఉన్నా" అన్నాడు. అది ప్రేమ. ఒకే కవర్లో రెండూ ఉన్నాయి. మొదటిదాన్ని తీసేయాలి, రెండోదాన్ని కాపాడాలి. ఎలాగో నాకు తెలీదు. వాళ్ల పాస్టరుగారికి తెలియాలి.

మెదక్ కోడలు | 17 ఫిబ్రవరి, రాత్రి 9:44

మాస్టారూ, మా మెదక్ గుడి కథ కూడా ఇలాంటిదే. పాస్నెట్ దొరగారు కరువులో జనానికి తిండికి పని చూపించి కట్టించారు. పదేళ్లు పట్టింది, 1924 క్రిస్మస్‌కి ప్రతిష్ఠ చేశారు. చూడ్డానికొచ్చే వాళ్లందరూ అద్దాల కిటికీల కింద ఫొటోలు దిగుతారు. మా మామగారు మాత్రం రాళ్లు చూపిస్తాడు.

పల్లె పాస్టరు | 18 ఫిబ్రవరి, ఉదయం 5:20

వందనాలు. నేను అరవై గడపల సంఘానికి కాపరిని, వేరే జిల్లా. కానుక తీసుకునే చెయ్యి నాది కాబట్టి, ఆ పక్కనుంచి రాస్తాను.

ముందు నా తప్పు. ఎనిమిదేళ్ల కింద ఒక కుటుంబం అప్పు తెచ్చిన రోజే నాకు దశమ భాగం తెచ్చి ఇచ్చారు. ఎంత విశ్వాసమో అని ఆదివారం అందరి ముందూ మెచ్చుకున్నాను. ఆ జూన్‌లో వాళ్ల అమ్మాయి కాలేజీ మానేసింది, ఫీజు కట్టలేక. నాకు తెలిసేసరికి ఆ పిల్ల మిల్లులో పనికి కుదిరిపోయింది. నేను మెచ్చుకున్నది చూసి ఇంకో మూడు ఇళ్లవాళ్లు కూడా అలాగే చేశారని తర్వాత తెలిసింది. ఆ ఆదివారం గుర్తొచ్చినప్పుడల్లా నాకు గొంతులో ముద్ద దిగదు.

మలాకీ గురించి. పదియవ భాగం అంటే పండినదాంట్లో పదో వంతు. అప్పు పంట కాదు. తమ్ముడు విజయధ్వని, దేవుడు పరీక్షించుకోమన్నది అక్కడొక్కచోటే అనేది నిజం కాదయ్యా, యెషయా 7లో ఆహాజు రాజుని సూచన అడగమన్నాడు. మలాకీ చదివేవాళ్లు ద్వితీయోపదేశకాండం 14 చివర కూడా చదవాలి. మూడో ఏట ఆ పదియవ భాగం ఊళ్లోనే ఉంచి లేవీయుడు, పరదేశి, తండ్రి లేనివాడు, విధవరాలు వచ్చి తిని తృప్తి పొందాలని ఉంది. దశమ భాగం ఒక కొస అన్నం గిన్నెలో ఉంది. మార్కు 7లో యేసు ప్రభువు "కొర్బాను" మాట తెచ్చి మందలించాడు. అమ్మానాన్నలకు ఇవ్వాల్సింది దేవుడికి ఇచ్చేశానని చెప్పి చేతులు దులుపుకునేవాళ్లని.

అయినా కౌలుబిడ్డమ్మా, ఈ వాక్యాలన్నీ మీ నాన్న మీద విసరొద్దు. ఇప్పటికే అందరూ ఆయనకి బాకీ గుర్తు చేసేవాళ్లే. నువ్వు కూడా వాక్యం పట్టుకుని వెళ్తే ఇంకో అప్పులవాడిలా కనిపిస్తావు. అమ్మని కవరు దొంగచాటుగా తియ్యనివ్వొద్దు. డబ్బు పోయినా మళ్లీ వస్తుంది, ఆ ఇంట్లో నమ్మకం పోతే రావడం కష్టం. మీ పాస్టరుగారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పు. మొక్కుకున్నవాణ్ని ఆ మొక్కు దగ్గర నిమ్మళపరచాల్సింది ఆయనే. రాకపోతే నాకు ఇక్కడ రాయి, నేను మాట్లాడతా.

కువైట్ డ్రైవర్ | 18 ఫిబ్రవరి, ఉదయం 10:05

అక్కా నేను రాజంపేట సైడు, కువైట్‌లో ఇంటి డ్రైవర్. ఇక్కడ మా ఆరాధన శుక్రవారం. మొన్న శుక్రవారం నేనే ప్రార్థన చేయించాల్సి వస్తే ఏం చెయ్యాలో తెలీక "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" దగ్గరే ఆగిపోయా. "నేడు" అని ఉంది చూడండి. నెలకని లేదు, సీజన్‌కని లేదు. రూములో పన్నెండు మందిమి, అందరికీ ఊళ్లో అప్పులే. అందరం ఆ ఒక్క మాట దగ్గర ఏడ్చాం.

నేను 5 వేలు పంపుతా అక్కా, ఫోన్‌పే నంబరు పెట్టు.

నిర్వాహకులు | 18 ఫిబ్రవరి, ఉదయం 10:31

తమ్ముడి మనసుకి వందనాలు. కానీ ఇక్కడ ఫోన్ నంబర్లు, డబ్బు పంపకాలు కుదరవు. గతంలో ఇలాంటి పోస్టుల కింద మోసాలు జరిగాయి. దయచేసి ఎవరూ ప్రైవేటుగా కూడా అడగొద్దు. చర్చ కొనసాగించండి.

కౌలుబిడ్డ | 18 ఫిబ్రవరి, రాత్రి 11:50

కువైట్ తమ్ముడూ, నువ్వు అడిగావు, అదే చాలు.

పాస్టర్ అయ్యగారికి ఫోన్ చేశాను. ఆయనకేమీ తెలీదు. "మీ నాన్న ప్రతి ఆదివారం నవ్వుతూ షేక్‌హ్యాండ్ ఇస్తాడు కదమ్మా" అన్నారు. రేపు వెళ్తానన్నారు. నాకు లోపల టెన్షన్‌గా ఉంది. చెప్పింది నేనేనని నాన్నకి కోపమొస్తుందేమో.

వార్డు నర్సు | 19 ఫిబ్రవరి, ఉదయం 6:10

రానీ. కోపమొస్తే మనిషి లోపల ఇంకా బలం ఉన్నట్టే. నువ్వు పడుకున్నావా?

కౌలుబిడ్డ | 20 ఫిబ్రవరి, రాత్రి 10:20

నిన్న సాయంత్రం అయ్యగారు, పాస్టరమ్మగారు ఇంటికెళ్లారంట. అమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నా.

అయ్యగారు ముందు మొక్కు గురించి ఎత్తనే లేదు. కల్లం చూద్దాం పద అని నాన్నని చేలోకి తీసుకెళ్లారు. అయ్యగారిది కూడా రైతు కుటుంబమే. సాళ్ల మధ్య నడుస్తూ ఒక కాయ తుంచి, తొడిమ చూసి "ఇంకో వారం ఆగితే ఇవి తాలేనయ్యా" అన్నారంట. నాన్న అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాడంట. ఇంటికొచ్చాక నాన్నే బైబిల్ తెచ్చి కవరు తీసి అయ్యగారి చేతిలో పెట్టాడు. "ఇప్పుడే తీసుకోండయ్యా, నా దగ్గరుంటే నాకు పాపపు ఆలోచనలొస్తున్నాయి" అని. అయ్యగారు కవరు పట్టుకుని ప్రార్థన చేశారు. తర్వాత దాన్ని నాన్న చేతిలో కాకుండా అమ్మ చేతిలో పెట్టి, "ఇది ప్రభువుకి చేరింది. ఇప్పుడు సంఘం మీకిస్తోంది, కోతకి. వద్దంటే నా మాట కాదన్నట్టు" అన్నారంట.

నాన్న ఒప్పుకోలేదు. దానం వద్దన్నాడు. గంటసేపు అదే గొడవ. చివరికి పాస్టరమ్మగారు "దానం కాదు బాబాయ్, చేబదులు. రాసుకో" అనేసరికి మెత్తబడ్డాడు.

సోమవారం కోత. స్త్రీల సమాజం వాళ్లు పదిహేనుమంది, యవనస్తులు ఆరుగురు వస్తామన్నారు. సమాజం వాళ్లంతా రోజూ కోతకెళ్లేవాళ్లే. కూలి తీసుకోం అంటే అమ్మ ఊరుకోలేదు, "మీరూ పొట్టకోసమే వస్తారు" అని. సగం కూలికి కుదిరింది. మళ్లీ వేరే పదిమంది కూలోళ్లు.

అమ్మా నాన్నా మాట్లాడుకుంటున్నారు. ఎలా అంటే, "కూర ఎట్టుంది?" "ఉప్పెక్కువ." అంతవరకు.

అనుమానపు తోమా | 20 ఫిబ్రవరి, రాత్రి 10:41

ఉప్పెక్కువ అన్నాడంటే అన్నం తింటున్నాడన్నమాట. నర్సు అక్కా, రాసుకోండి.

చెల్లీ, నేను గుడికి పోవడం మానేసి నాలుగేళ్లయింది. ఈ థ్రెడ్‌లోకి ఎందుకొస్తానో నాకే తెలీదు. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకము ఉండకుండ సహాయము చేయుము" అన్నాడే మార్కు సువార్తలో ఆ పిల్లాడి తండ్రి, నాకు బైబిల్లో నచ్చే ప్రార్థన అదొక్కటే. మీ నాన్నకి కూడా నచ్చుతుందేమో. చెప్పు.

పల్లె పాస్టరు | 21 ఫిబ్రవరి, ఉదయం 5:05

మీ అయ్యగారికి నా వందనాలు చెప్పమ్మా. ఎనిమిదేళ్ల కింద నాకు ఆ తెలివి లేకపోయింది.

విజయధ్వని | 21 ఫిబ్రవరి, ఉదయం 8:30

నాకు ఇంకా మనసు పూర్తిగా ఒప్పట్లేదు, నిజం చెప్తున్నా. మొక్కు మొక్కే కదా అనిపిస్తుంది. ప్రసంగి 5లో మ్రొక్కుకుంటే చెల్లించు అని ఉంది. కానీ నేను ఆ చేలో లేను. సోమవారం ఆటో ఖాళీగానే ఉంటుంది, మాది నరసరావుపేట. ఊరు పేరు అడగొద్దన్నారు కాబట్టి ఎలా రావాలో తెలీడం లేదు.

కౌలుబిడ్డ | 27 ఫిబ్రవరి, రాత్రి 9:55

ఆలస్యంగా రాస్తున్నా. నేను కూడా సెలవు పెట్టి వెళ్లాను.

సోమవారం పొద్దున ఆరింటికల్లా చేలో ఉన్నాం. మంచు ఇంకా ఆరలేదు, ఆకు తగిలితే చీర కుచ్చిళ్లు తడిసిపోతున్నాయి. పాస్టరమ్మగారు మా అందరికన్నా ఫాస్ట్. రెండు చేతులతో కోస్తారు. మధ్యాహ్నానికి నా వేళ్లు మంట, కళ్లు తుడుచుకుంటే ఇంక చెప్పక్కర్లేదు. షాపులో కూర్చునే ఉద్యోగానికి అలవాటుపడి మర్చిపోయాను. పక్క సాలులో ఒక పెద్దమ్మ కీర్తన అందుకుంది, మిగతావాళ్లు పల్లవి. నాన్న పాడలేదు. బుట్టలు మోస్తూ ఉన్నాడు. నాలుగింటప్పుడు చూస్తే గట్టు మీద తలకింద తువ్వాల పెట్టుకుని గురక. ఎవరూ లేపలేదు. అంతకుముందు వారం ఆదివారం తర్వాత ఆయన కంటినిండా నిద్రపోవడం అదే మొదలంట.

రెండు రోజులు పట్టింది. కాయ కల్లం మీద ఎండుతోంది. కేంద్రం మిర్చికి క్వింటాకి 11,781 ధర అని ప్రకటించింది, చూశారా? మనకి ఎంతవరకు అందుతుందో. ఈ-క్రాప్‌లో పేరు పొలం ఓనరుదే ఉంది. గుమాస్తా గారూ, మీరు చెప్పకపోతే ఆ సంగతి మాకు తెలిసేదే కాదు. ఓనరుతో మాట్లాడుతున్నాం.

కోతకి మొత్తం 19 వేల పైన అయింది. కవర్లో మిగిలింది నాన్న మళ్లీ బైబిల్లోనే పెట్టాడు. ఈసారి మలాకీ దగ్గర కాదు, ముందు అట్టలోపల. కవరు మీద "ప్రభువు భాగము" కింద ఇంకో వరస రాశాడు. "చేబదులు రూ. 30,000. ది. 19-2-25. సాక్షి: పాస్టరుగారు."

గుండ్లకమ్మ మాస్టారు | 27 ఫిబ్రవరి, రాత్రి 10:12

ప్రోనోటు రాసినట్టే రాశాడే! వడ్డీ ఎంతని వేశాడమ్మా?

కౌలుబిడ్డ | 27 ఫిబ్రవరి, రాత్రి 10:20

అదే అడిగా మాస్టారూ. "ఆయన వడ్డీ తీసుకోడులే" అన్నాడు. అని తనే నవ్వాడు.

యార్డు గుమాస్తా | 28 ఫిబ్రవరి, ఉదయం 5:50

కాయ ఎన్ని రోజులైంది కల్లం మీద వేసి? రాత్రిపూట పట్టాలు కప్పుతున్నారా లేదా, మంచు పడితే మచ్చ వస్తుంది. పొద్దున ఎండెక్కాక తీసి ఒకసారి తిరగెయ్యమను. చేత్తో ఊపితే గింజ గలగలమనే దాకా యార్డుకి తేవద్దు.

కౌలుబిడ్డ | 28 ఫిబ్రవరి, ఉదయం 6:30

నాలుగు రోజులైందండీ. ఒక పట్టా చినిగింది, పిన్ని వాళ్లది అడిగి తెస్తాం.